నలభై మూడుసార్లు కాటుక

నవంబరు తొమ్మిది, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు తాండూరులో తండ్రి ఇంటి వసారాలో కూర్చొని జ్యోతి తన రైఫిల్‌ను కుందాలోంచి తీయబోయింది. అది రాలేదు.

కుందా అంటే తుపాకి కట్టె భాగం. భుజానికి ఆనేదీ, చెంప ఆనించేదీ అదే. దాని గాడిలో ఇనుప భాగం కూర్చుంటుంది. తూటా పెట్టే గది, గొట్టం కలిసిన ఆ ఇనుప భాగాన్ని షూటర్లు యాక్షన్ అంటారు. కింది నుంచి వచ్చే రెండు స్క్రూలు ఇనుమునూ కట్టెనూ కలిపి పట్టుకుంటాయి. ఆ ఉదయం ముందు స్క్రూ మామూలుగానే వచ్చింది. వెనకది కిర్రుమంటూ వచ్చింది. రెండూ పక్కన పెట్టి జ్యోతి గొట్టం పట్టుకొని పైకి లేపింది. గొట్టంతో పాటు కుందా కూడా లేచింది.

"ఇంకోసారి గుంజు," అన్నాడు తండ్రి చంద్రప్ప. చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

ఇంకోసారి గుంజింది.

"నాయినా, పట్టుకున్నది ఇది."

"పట్టుకోవాలెననే గద పోసినం."

ఆ మాట అన్నాక చంద్రప్ప గ్లాసు కింద పెట్టాడు.

జ్యోతికి ఇరవై తొమ్మిదేళ్లు. వికారాబాద్‌లో ఒక గురుకుల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. తాండూరు డిగ్రీ కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు మొదటిసారి రైఫిల్ పట్టింది. నేల మీద బోర్లా పడుకొని, యాభై మీటర్ల దూరంలోని గురికి అరవై తూటాలు కాల్చే పోటీ ఆమెది; ఒక్కో తూటాకు ఎక్కువలో ఎక్కువ 10.9 పాయింట్లు. రాష్ట్ర పోటీలో ఆరు వందల పది పాయింట్లు దాటితే పై పోటీకి పంపుతారు. మూడేళ్లలో ఆమె స్కోర్లు ఇవి: 608.9, 609.2, 608.4. ఈసారి పోటీ నవంబరు ఇరవై రెండున, హైదరాబాద్‌లో. ఇంకా పదమూడు రోజులుంది. రైఫిల్ ఆమెకు ఒక్కటే.

సెప్టెంబరు ఆఖరులో వికారాబాద్ రైల్వే స్టేషన్లో రైఫిల్ పెట్టె బెంచీ మీది నుంచి జారి పడింది. ఇనుముకు ఏమీ కాలేదు. కుందా మెడ దగ్గర చీలింది. చూపు తగ్గి షూటింగ్ మానేసిన పాండురంగం సారు వికారాబాద్‌లోనే ఉంటారు. ఆయన తన రైఫిల్ ఎప్పుడో అమ్మేశారు గానీ దాని రెండో కుందా ఇంట్లో ఉండిపోయింది. జ్యోతిని పిలిచి ఇచ్చారు. అదే కంపెనీ, అదే మోడల్. పెట్టి స్క్రూలు బిగిస్తే సరిపోతుందని జ్యోతి అనుకుంది. పెట్టింది, సరిపోయింది. పోలీసు రేంజిలో పది తూటాలు కాలిస్తే ఆరు ఒకచోట, నాలుగు దానికి వేలెడంత ఎడంగా పడ్డాయి.

నవంబరు ఒకటిన ఆమె రైఫిల్ తీసుకొని తాండూరులో వడ్ల మొగులప్ప దగ్గరికి పోయింది. మొగులప్పకు అరవై ఎనిమిదేళ్లు. ఆయుధాల మరమ్మతు లైసెన్సు ఆయన తండ్రి నాటిది. ఏటా పునరుద్ధరించిన కాగితాలు ఒకదాని కింద ఒకటి గోడకు ఉన్నాయి. ఎక్కువ పని పంట కాపలా తుపాకులదే. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్లో పెట్టి మళ్లీ తెచ్చుకున్న తుపాకులు తుడవడం, సుత్తి స్ప్రింగులు మార్చడం. లైసెన్సుల పక్కన గోడకు కాగితం గురులు మేకులతో కొట్టి ఉన్నాయి. తాను బాగు చేసిన ప్రతి రైఫిల్ కాల్చిన కాగితం ఒకటి తెచ్చివ్వమంటాడు. కాగితం మీద తేదీ ఉంటుంది, పేరు ఉండదు.

ఆ రోజు మొగులప్ప రైఫిల్ నంబరు రిజిస్టరులో రాసుకున్నాడు. తర్వాత కుందా ముందు భాగంలో గొట్టానికీ కట్టెకూ మధ్యనున్న సందులో జ్యోతి వేలు పెట్టించి, తాను వెనక స్క్రూ వదులు చేశాడు.

"ఏమన్న తెలుస్తున్నదా?"

"కదిలింది కాకా."

"ఎంత?"

"రెండు వెంట్రుకలంత."

వేలు తీయించి అక్కడ ముల్లు గేజి బిగించాడు. మళ్లీ స్క్రూ వదిలితే ముల్లు పద్దెనిమిది గీతలు కదిలింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరోవంతు.

"రెండు వెంట్రుకలే," అన్నాడు. "గిది ఇంకొకరి గద్దె బిడ్డా."

కుందా గాడిలో ఇనుము కింద నల్లటి రెసిన్ పొర ఒకటి ఉంది. పాండురంగం సారు రైఫిల్‌ను ఎవరో ఆ రెసిన్ పచ్చిగా ఉన్నప్పుడు అందులో కూర్చోబెట్టారు. గట్టిపడ్డాక అది ఆ ఒక్క రైఫిల్ అచ్చు అయింది. షూటర్లు దాన్ని బెడ్డింగ్ అంటారు. మొగులప్ప గద్దె అంటాడు.

"ఒకటే మోడల్ గద కాకా."

"నీకు, మీ అక్కకు ఒకటే సైజు చెప్పులు. ఆమె రెండేండ్లు తొడిగిన చెప్పు నువ్వు తొడిగితే ఎట్లుంటది? స్క్రూలు బిగిస్తె నీ తుపాకి దాని మీద కూసుంటలేదు, ఒంగుతున్నది. కాల్చినప్పుడల్ల ఇంకొక తీరుగ ఒంగుతది. తవ్వి మల్ల పొయ్యాలె. పన్నెండు దినాలు."

"రెసిన్ ఒక్క దినంల గట్టిపడ్తదని డబ్బా మీద రాసి ఉంటది."

"డబ్బా మీద రాసినోడు తాండూరుకు రాలే."

జ్యోతి లెక్క వేసుకుంది. ఇరవై ఒక్క రోజుల్లో పన్నెండు పోతే ప్రాక్టీసుకు తొమ్మిది మిగులుతాయి. ఆలోచించుకొని వస్తానని చెప్పి రైఫిల్ తెచ్చుకుంది. మొగులప్ప రిజిస్టరులో వాపసు అని రాసి సంతకం తీసుకున్నాడు.

చంద్రప్ప ముప్పై నాలుగేళ్లు నాపరాయి పాలిష్ యూనిట్లో పని చేశాడు. బండకు గుంత ఉంటే రెసిన్‌లో అదే రాతి పొడి కలిపి నింపుతారు. గట్టిపడ్డాక పాలిష్ పడితే గుంత ఎక్కడుందో నింపినవాడికి కూడా తెలియదు. జ్యోతి ఎనిమిదో తరగతి నుంచి వేసవి సెలవుల్లో తండ్రితో పాటు గుంతలు నింపింది. నింపే ముందు రాయిని థిన్నర్‌తో తుడవాలి. దుమ్ము గానీ నూనె గానీ ఉంటే రెసిన్ పట్టదు. ఇది ఆమెకు పన్నెండేళ్ల వయసు నుంచి తెలుసు.

"సందున్నకాడ నింపుతె అయిపాయె," అన్నాడు చంద్రప్ప. "గింత దానికి పన్నెండు దినాలెందుకు?"

నవంబరు ఎనిమిది శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసి నింపారు. నీలం బండ పొడి వేసి రెసిన్ కలిపారు. జ్యోతి ఇనుమును థిన్నర్‌తో మూడుసార్లు తుడిచింది.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మొగులప్ప రైఫిల్‌ను బల్ల మీద పెట్టుకొని అడిగింది కూడా అదే.

"దేని తోటి తుడిచినవ్?"

"థిన్నర్ తోటి."

"ఎన్నిసార్లు?"

"మూడు."

మొగులప్ప కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "నేనైతే మైనం పూస్త," అన్నాడు. "అంటొద్దని."

"రాతికి పనికొచ్చింది ఇనుముకెందుకు పనికిరాదు?" అన్నాడు చంద్రప్ప. అడిగిన గొంతులో పోట్లాట లేదు. కానీ అడిగాడు.

"నీ రాయి ఒకపారి పడితె ఎల్లకాలం గాడనే పడుంటది చంద్రప్పా. దాన్ని ఎవడన్న మల్ల ఊడబీకుతడా? గిది ఊడాలె, తుడవాలె, మల్ల కూసోవాలె. ప్రతిసారి ఒక్క తీరుగనే కూసోవాలె."

"మరి గా ముక్క మొన్ననే చెప్పకపోతివి."

"నువ్వు పోస్తవని నాకేం ఎరుక? తుపాకి తెచ్చినోళ్లు గిట్ల అడుగుతరు, గట్ల అడుగుతరు. నాపరాయి లెక్క నింపుతమని ఎవరు చెప్పలే ఇంతదాంక."

తర్వాత జ్యోతిని ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. పోసే ముందు ట్రిగ్గరు విప్పిందా? విప్పింది. ఇనుము కింది వైపునున్న రంధ్రాలు మూసిందా? ఏ రంధ్రాలని జ్యోతి అడిగింది.

కుందాను చెవి దగ్గరికి తెచ్చుకొని ఉలి పిడితో ఇనుము మీద తట్టాడు. అంగుళానికి ఒకసారి, ముందు నుంచి వెనక్కి. తడుతూ కన్నడంలో లెక్కపెట్టాడు: ఒందు, ఎరడు, మూరు. ఆయన పని నేర్చింది సరిహద్దు అవతల మేనమామ దగ్గర. ఇంటి మాట తెలుగు, పని లెక్క కన్నడం. పదకొండోచోట ఆగి సుద్దముక్కతో గీత పెట్టాడు. అక్కడ మళ్లీ తట్టి జ్యోతికి వినిపించాడు. మిగతాచోట్ల శబ్దం సాగింది. అక్కడ తెగింది.

"నీ రెసిన్ ఇనుముల రంధ్రంలకు పోయి మేకైంది," అన్నాడు. "గీ మేకు తియ్యకుంట ఎంత గుంజినా రాదు. కట్టె పలుగుతది."

ట్రిగ్గరు కోసం కుందా అడుగున ఉన్న సందులోంచి చేతి డ్రిల్లు పెట్టాడు. లోపల ఏముందో కంటికి కనిపించదు. డ్రిల్లును పావు చుట్టు తిప్పుతాడు, బయటికి తీస్తాడు, మొనకు అంటిన పొడిని కాగితం మీద రాలుస్తాడు. మొదట నల్లపొడి వచ్చింది. అది పాత గద్దె. తర్వాత నీలం కలిసిన బూడిదరంగు పొడి వచ్చింది. అది జ్యోతి పోసింది.

"ఇనుము తగిలితె మెరుస్తది," అన్నాడు. "మెరుపు కనిపిస్తె ఆగాలె."

నలభై నిమిషాలు తిప్పాడు. కాగితం మీద నలుపు, దాని పక్కన నీలం. మెరుపు రాలేదు. ఆఖరుకు సూదితో పొడిచి మేకు మిగులును బయటికి తీశాడు. చంద్రప్ప ఆ పొడిని వేలితో అద్ది చూశాడు.

"మన నీలం బండే," అన్నాడు.

"అదే గద కాపాడింది. వట్టి రెసిన్ పోసి ఉంటె నల్లదాంట్ల తెల్వకపోవు. నీ రాతిపొడి పనికొచ్చింది పో."

చంద్రప్ప ఆ కాగితాన్ని పొడితో సహా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మేకు పోయినా అంటుకున్నది అంటుకున్నట్టే ఉంది. దాన్ని విడదీయడానికి చలి కావాలని మొగులప్ప చెప్పాడు. చలిలో రెసిన్ పెళుసెక్కుతుంది. ఇనుమూ కట్టే ఒక్కలెక్కన ముడుచుకోవు. అప్పుడు తడితే విడుస్తుంది. ఐస్‌క్రీం పెట్టుకునే చలిపెట్టె ఆయన కోడలు పద్మారాణి దగ్గర ఉంది. ఇంటి ముందు గదిలో ఆమె కిరాణా దుకాణం.

సోమవారం ఉదయం ఏడు గంటలకు జ్యోతి నాలుగు రోజుల సెలవు చీటీ ఫోన్లో పంపి దుకాణానికి వచ్చింది. తూటాను గదిలోకి తోసి మూసే బోల్టును విప్పి తన సంచిలో వేసుకుంది; అది లేనిదే తుపాకి పేలదు. రైఫిల్‌కు బట్ట చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి చుట్టారు. పద్మారాణి పెట్టె తలుపు తీసి లోపల చూసింది.

"ఐస్‌క్రీం మీద పెట్టాల్నా, ఐస్‌క్రీం కింద పెట్టాల్నా మామా?"

"ఐస్‌క్రీం తీసెయ్యి."

"తీసేసి యాడ పెట్టాలె, నీ నెత్తి మీదనా?" అంటూనే డబ్బాలు ఒక మూలకు జరిపింది. "కార్తీకంల ఎవరు తింటరు గని, పెట్టు."

లైసెన్సు జ్యోతి పేరు మీద ఉంది. దుకాణం మరమ్మతు లైసెన్సు కిందికి రాదు. అందుకని రైఫిల్ పెట్టెలో ఉన్నంతసేపూ జ్యోతి పెట్టె పక్కన ఉండాలని మొగులప్ప చెప్పాడు. ఆమె పాల క్రేటు బోర్లించుకొని కూర్చుంది. మధ్యాహ్నం పద్మారాణి తెచ్చిన జొన్నరొట్టె అక్కడే తింది. మూడు గంటలకు పెరుగు కోసం వచ్చినాయన పెట్టెలో చేయి పెట్టబోయి ఆగాడు.

"గదేంది పద్మక్కా, గంత పొడుగున్నది?"

"చేప."

"ఏం చేప?"

"నాపరాయి చేప. పెరుగు గీ ఫ్రిజ్‌ల ఉన్నది, ఇటు రా."

సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు మొగులప్ప రైఫిల్‌ను బల్ల మీదికి తీసుకొచ్చాడు. గోనెసంచులు పరిచి, కుందాను తలకిందులుగా పెట్టి, గొట్టం కింద మెత్త పెట్టాడు. కట్టె సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. ఒందు. ఎరడు. మూరు. జ్యోతి, అప్పుడే వచ్చిన చంద్రప్ప గోడనున్న గడియారం చూస్తూ నిలబడ్డారు. నాల్కు. ఐదు. ఆరు. ఏళు దగ్గర టక్కుమంది. గోనెసంచి మీద ఇనుము ఒక పక్క, కట్టె ఒక పక్క పడ్డాయి.

ఇనుము మీద అప్పటికే తేమ పడుతోంది. మొగులప్ప ముందు దాన్ని బట్టతో తుడిచి నూనె పట్టించాడు. ఆ తర్వాతే కుందా లోపలికి చూశాడు. చూస్తూ చాలాసేపు ఉన్నాడు.

జ్యోతి పోసిన నీలం రెసిన్ పాత నల్ల గద్దె మీద పలుచగా పరుచుకొని ఉంది. ఎడమ వైపు వెనక ఎక్కువ. కుడి వైపు ముందు తక్కువ. మూడుచోట్ల అసలు లేదు. ఆ మూడుచోట్ల నలుపు బయటికి కనిపిస్తోంది.

"ఇటు రా," అన్నాడు జ్యోతిని. "ఏం కనిపిస్తున్నది?"

"మూడుకాడ పట్టలే."

"ఎందుకు పట్టలే?"

జ్యోతి ఆలోచించింది. "అక్కడ సందు లేదు కాబట్టి."

"గంతే. నీ తుపాకి గా మూడింటి మీదనే కూసుంటుండె. మిగతాదంత గాలిల. నేను గది దొర్కబట్టాలంటె నాలుగు దినాలు పట్టేది. నువ్వు తప్పు చేసి నాకు పటం గీసిచ్చినవ్."

నీలం పొరను ఉలితో లేపి తీశాడు. పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. ఒక్కో పెళ్లను గేజితో కొలిచి, ఏది ఎక్కడిదో ఆ వరసలోనే పేపరు మీద పరిచాడు. పేపరు మీద కుందా ఆకారం వచ్చింది. ఒక్కో పెళ్ల పక్కన పెన్సిలుతో అంకె రాశాడు. ఎక్కువది అరవై రెండు గీతలు. తక్కువది నాలుగు.

కింద నల్ల గద్దె పూర్తిగా బయటపడ్డాక దాన్ని వేలితో తడిమాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు.

"ఎవరు పోసిండ్రు గిది? సారును అడుగు."

జ్యోతి ఫోన్ చేసింది. పాండురంగం సారు పన్నెండేళ్ల కిందట పుణెలో ఒకాయనతో చేయించానన్నారు. పేరు గుర్తు లేదన్నారు. ఎందుకని అడిగారు. జ్యోతి ఫోను స్పీకరులో పెట్టింది.

"ఎందుకంటె సారూ," అన్నాడు మొగులప్ప, "ఒక్క బుడగ లేదు. అంచుల కాడ ఒక్క పెచ్చు లేదు. చెయ్యి తిరిగినాయన. నేను మొన్న మొత్తం తవ్వాలె అని చెప్పిన. తప్పు చెప్పిన. గిది తవ్వను."

ఫోను పెట్టేశాక చంద్రప్ప వైపు చూశాడు. "నేను గిట్ల తప్పు చెప్తనే ఉంట. నీ ఒక్కనిదే కాదు."

మంగళవారం నుంచి గురువారం దాకా కాటుక పని. పద్మారాణి ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసిని మొగులప్ప ఒక చుక్క ఆముదంలో కలిపాడు. దాన్ని ఇనుము అడుగున వేలితో రాస్తాడు. ఇనుమును గద్దెలో దించి రెండు స్క్రూలూ బిగిస్తాడు. విప్పి తీస్తాడు. ఇనుము తాకినచోట గద్దె మీద కాటుక అంటుతుంది, తాకనిచోట అంటదు. నల్ల రెసిన్ మీద నల్ల కాటుక కనిపించదని జ్యోతి అనుకుంది. మొగులప్ప కుందాను వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు ఏటవాలుగా పట్టాడు. కాటుక అంటినచోట తడి మెరిసింది. మెరిసినచోట మాత్రమే రేకు ముక్కతో గీకాడు. గీకిన పొడి ఊదితే పోయేంత.

రాయడం, దించడం, బిగించడం, విప్పడం, చూడడం, గీకడం, తుడవడం. ఒక్కోసారికి ఇరవై నిమిషాలు. స్క్రూ బిగించేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పాడో కన్నడంలో లెక్కపెట్టేవాడు. అది ఒక్కసారి కూడా మారలేదు. ఇదంతా ఎన్నిసార్లు జరిగిందో జ్యోతి లెక్కపెట్టింది. మంగళవారం పదహారుసార్లు. బుధవారం పదిహేను. మొదట మూడుచోట్ల మెరిసింది, బుధవారం సాయంత్రానికి తొమ్మిదిచోట్ల మెరిసింది.

"నా బిడ్డ కండ్లకని పట్టిన కాటుక," అంది పద్మారాణి చాయ్ ఇస్తూ. "తుపాకికే అయిపోయింది."

"తుపాకికి దిష్టి తగలదు ఇగ," అన్నాడు చంద్రప్ప. మూడు రోజుల తర్వాత అదే ఆయన మొదటి హాస్యం. మొగులప్ప చాయ్ సాసరు ఆయన వైపు జరిపాడు.

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు జ్యోతి రేకు ముక్క అడిగి తీసుకుంది. మొగులప్ప ఇచ్చాడు. ఆమె మెరుపు చూసి ఒకచోట గీకబోతే చేయి పట్టుకున్నాడు.

"అది అంచు. నూనె పారి మెరుస్తున్నది. దాని నడుమ చుక్క ఉన్నది చూడు, గది తాకింది."

ఆమె కుందాను ఇంకొంచెం వాల్చి చూసింది. చుక్క కనిపించింది. గీకింది. అది నలభై రెండోసారి. నలభై మూడోసారి గద్దె ముందు నుంచి వెనక దాకా మెరిసింది, వెనక ఎడమన అరచేతిలో సగమంత జాగా తప్ప.

ఆ జాగాకు రెసిన్ కావాలి. మొగులప్ప ఇనుముకు తేనెమైనం పూసి బట్టతో రుద్దాడు. మళ్లీ పూసి మళ్లీ రుద్దాడు. రంధ్రాలను మైనంతోనే మూశాడు. స్క్రూలకూ పూశాడు. చేతులు కడుక్కొని రెసిన్ కలుపుతూ చంద్రప్పను పిలిచాడు.

"నీ నీలం పొడి తెచ్చినవా?"

"ఎందుకు?"

"రేపు ఎవడన్న గీ కుందా ఇప్పి చూస్తె, ఏది పుణె ఆయనది, ఏది మనది తెలియాలె."

చంద్రప్ప ఇంటికి పోయి పొడి తెచ్చాడు. ఎంత వేయాలో ఆయనే వేశాడు.

ఆ తర్వాత ఐదు రోజులు రైఫిల్ మొగులప్ప ఇనుప బీరువాలో ఉంది. జ్యోతి వికారాబాద్ పోయి బడికి వెళ్లింది. శనివారం ఒకసారి ఫోన్ చేసింది.

"కాకా, గట్టిపడ్డదా?"

"పడ్డది."

"మరి తీద్దామా?"

"ఇంక జర ముడుసుకుంటది. ముడుసుకోనియ్యి."

"వచ్చే శనివారం పోటీ ఉన్నది కాకా."

"నాకు ఎరుకే. గోడ మీద రాసుకున్న."

పద్దెనిమిదో తేదీ, మంగళవారం, సాయంత్రం నాలుగున్నరకు మొగులప్ప స్క్రూలు తీసి గొట్టం పట్టుకొని పైకి లేపాడు. ఇనుము వచ్చింది. వెనక ఎడమన నీలం పొర ఇనుము అచ్చును పట్టి ఉంది. మైనం తుడిచి, ఇనుము మళ్లీ దించి, స్క్రూలు బిగించి, గేజి పెట్టాడు. మొదటిరోజు పద్దెనిమిది గీతలు కదిలిన ముల్లు, ఇప్పుడు వెనక స్క్రూ వదిలితే ఒక గీత కదిలింది.

మళ్లీ బిగించాడు. స్క్రూ తలకాయ మీద, పక్కన కట్టె మీద కలిపి తెల్ల రంగుతో ఒక సన్నగీత పెట్టాడు.

"గీ గీత మీద గీత ఉండాలె. కదిలితె నాకు ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం ముట్టకు."

"ముట్టను."

"మీ నాయిన ముట్టొద్దు."

"నేనెందుకు ముడ్త?" అన్నాడు చంద్రప్ప.

బుధ, గురు, శుక్రవారాలు జ్యోతి బడి విడిచాక వికారాబాద్ శివారులోని పోలీసు రేంజిలో అనుమతి తీసుకొని కాల్చింది. బుధవారం మొదటి పది తూటాలూ ఒకేచోట పడ్డాయి. ఆ కాగితం తీసి, దాని మీద తేదీ వేసి, సంచిలో పెట్టుకుంది. మూడు రోజుల్లో నూట అరవై తూటాలు కాల్చింది. ప్రతి రోజూ ముందొకసారి, తర్వాతొకసారి స్క్రూ మీది గీత చూసుకుంది.

శనివారం హైదరాబాద్‌లో ఆమె పోటీ ఉదయం పదకొండు గంటలకు మొదలైంది. ముప్పై ఆరు తూటాలు పదికి పైనే పడ్డాయి. ముప్పై ఏడోది 8.6. వెనకటి మూడేళ్లూ ఇలాంటిది పడినప్పుడు ఆమె తుపాకి వైపు చూసేది. తప్పు తనదో దానిదో తెలిసేది కాదు. అలా తెలియకుండానే తర్వాతి నాలుగైదు తూటాలు పోయేవి. ఈసారి ఆమెకు తెలుసు. ఊపిరి పూర్తిగా వదలకుండానే ట్రిగ్గరు నొక్కింది. రైఫిల్ భుజం మీది నుంచి దించి, ఒక నిమిషం కళ్లు మూసుకొని, మళ్లీ ఎత్తింది. ముప్పై ఎనిమిదోది 10.4.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు స్కోరు షీటు అతికించారు. జ్యోతి, వికారాబాద్ జిల్లా: 610.7. ఏడో స్థానం. పై పోటీకి పంపేవారి పేర్లలో ఆమె పేరు ఉంది.

ఆదివారం ఉదయం ఆమె రైలు దిగి నేరుగా మొగులప్ప దగ్గరికి వచ్చింది. చంద్రప్ప అప్పటికే అక్కడ ఉన్నాడు. పద్మారాణి దుకాణంలోంచి తొంగి చూసింది.

"ఏమైంది బిడ్డా?"

"ఆరు వందల పది పాయింట్ ఏడు. తీసుకున్నరు."

"ఒకటి తప్పిందని మీ నాయిన చెప్పిండు ఫోన్ల," అన్నాడు మొగులప్ప.

"అది నాది కాకా. తుపాకిది కాదు."

"చూద్దాం."

బుధవారం నాటి కాగితం ఆమె బల్ల మీద పెట్టింది. మొగులప్ప దాన్ని ఇంకా చూడలేదు. ముందు స్క్రూ మీది తెల్లగీత చూశాడు. గీత మీద గీత ఉంది. తర్వాత రైఫిల్‌ను బల్లకు బిగించి, గొట్టం పక్కన గేజి పెట్టి, ముల్లును సున్నాకు తెచ్చాడు. జ్యోతిని దగ్గరికి రమ్మని గేజి చూడమన్నాడు. తాను వెనక స్క్రూ పట్టుకొని కన్నడంలో లెక్కపెడుతూ వదిలాడు.

అప్పుడు సమయం పది గంటల నలభై నిమిషాలు. ముల్లు ఒక గీత కదిలింది.